ఐదు ఫోన్లకి ఒకటే తాళం

తాళం ఎవరెవరి చేతుల్లో ఉందో తెలీకపోతే ఆ తలుపుని నమ్మకూడదు. ఇది నాను ఎక్కడో చదివి చెప్తన్న మాట కాదు. నాకు చదువు రాదు. కాటా చూడాలి గాబట్టి అంకెలు వచ్చు. సంతకం వచ్చు. చేపల పేర్లలో మొదటి అక్షరాలు పోల్చుకుంటాను. అంతే. నాను నోటితో చెప్తన్నాను, రాసేవోలు రాస్తన్నారు. నాను సేప అంటే చేప అని రాస్తారట. రాసుకోనీ. కానీ ఏ పేజీకి ఆ పేజీ నాకు చదివి వినిపించాలన్నాను. రాసినోలు మార్చీసేరో లేదో నాకెలగ తెలుస్తాది మరి?

మాది ఫిషింగ్ హార్బరు. మా ఆయన బోటు మీద పనిచేసీవోడు. పోయేడు. సముద్రంలో కాదు, కడుపులో రోగం వచ్చి మంచం మీద పోయేడు. ఈ మాట ముందే ఎందుకు చెప్తన్నానంటే, హార్బరులో మొగుడు పోయిన మనిషి అనగానే అందరూ జాలిగా సముద్రం వేపు చూస్తారు. సముద్రం మా ఇంటికి ఏ అన్యాయమూ చెయ్యలేదు.

ఆయన పోయేక ఆయన అక్క, అంటే నా వదిన, వచ్చి నన్ను చెయ్యి పట్టుకుని లేపి కత్తిపీట ముందు కూకోబెట్టింది. "ఏడుపు మాపిటేల ఏడుద్దువు గానీ, పొద్దున్న పొలుసు తియ్యి" అంది. ఆ మాటతోనే నా వ్యాపారం మొదలైంది. బోట్లు వచ్చేక వేలంపాటలో చేపలు కొంటాము, శుభ్రం చేసి ముక్కలు కోసి ఇళ్ళకీ, మెస్సులకీ పంపుతాము. నాను, వదిన, మా వీధిలో ఇద్దరు ఆడోలు. తరవాత నా కోడలు. మొత్తం ఐదుగురం.

మా రేకుల షెడ్డులో ఒక నల్ల బోర్డుండీది. ఎవరికి ఏటి కావాలో దాని మీద సుద్దముక్కతో గీసీవోలం. రాతలు కావు, గుర్తులు. కానాగంతకి ఒక గుర్తు, వంజరానికి ఒక గుర్తు, పక్కన కేజీల అంకె. ఆకరి తట్ట ఆటో ఎక్కేక వదిన తడి గోనెగుడ్డ తెచ్చి బోర్డంతా తుడిచీసీది. ఒక్క గీత కూడా మిగలకూడదు. నిన్నటి గీత మీద ఇవాళ పొద్దు పొడిస్తే బోటు ఒట్టిగా వస్తాదని మా హార్బరు నమ్మకం. వదిన అమ్మా అలాగే తుడిచిందట. ఆవిడ అమ్మా అలాగే తుడిచిందట. ఎవరూ ఎందుకని అడగరు. అన్నం తిన్న కంచం కడగమని ఎవరైనా చెప్పాలా?

నా కోడలిది పద్మనాభం వేపు పల్లె. వరి చేలల్లోంచి వచ్చి డిగ్రీ చదువుకుంది. నా కొడుకు స్టీల్ ప్లాంట్‌లో కాంట్రాక్టు పనిలో ఉన్నాడు, షిఫ్టులు. ఆడు ఇంట్లో మాటాడే మాటలు కాటాకి తూగవు. కోడలు అలా కాదు. వచ్చిన కొత్తలో చేప వాసనకి ముక్కు మూసుకుంది గానీ, నెల తిరక్కుండా మా బోర్డు ముందు నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"అత్తా, ఇదంతా ఫోన్లో పెట్టీయొచ్చు. షీటు ఒకటి చేస్తాను. నువ్విక్కడ రాస్తే ఇంట్లో నాకు కనపడతాది. నేనక్కడ రాస్తే నీకిక్కడ కనపడతాది."

"ఇదెక్కడుంటాది?"

"క్లౌడ్‌లో."

"అదెక్కడ?"

"ఎక్కడో పెద్ద పెద్ద కంప్యూటర్లుంటాయత్తా. వాటిలో ఉంటాది."

"ఎక్కడో అంటే? ఏ వూరు? ఏ వీధి?"

"నాకూ తెల్దు."

"నీకే తెల్దు. తెలీని సోట నా సరుకు ఎట్టమంటన్నావు."

"సరుకు కాదత్తా. సరుకు రాత."

"రాత పోతే సరుకుంటాదేటి?"

వదిన ఐసు పెట్టె మీద కూర్చుని నవ్వింది. "నీ అత్త వాన పడితేనే గానీ మబ్బుని నమ్మదే" అంది.

అయినా ఒప్పుకున్నాను. ఎందుకొప్పుకున్నానంటే, బోర్డు ఎదర లేనప్పుడు ఇంటికి ఫోనొస్తే చెప్పింది మర్చిపోతన్నాము. పారలు అడిగిన ఇంటికి కవ్వళ్ళు పంపిస్తే ఆ ఇల్లాలు మళ్ళీ మొహం చూడదు. సరే పెట్టు అన్నాను. కానీ తాళాల దగ్గర మాత్రం నా మాటే నెగ్గాలన్నాను.

కోడలు ఏటందంటే, అందరికీ వేరే వేరే లాగిన్లు పెడతాను, అప్పుడు ఏ మనిషి ఏటి రాసిందో తెలుస్తాది అంది. నాకది గిట్టలేదు. వేరే వేరే తాళాలంటే వేరే వేరే దొంగతనాలు. ఇంటికి ఒకటే తాళం ఉండాలి, అది నా పేరు మీదుండాలి అన్నాను. కోడలు రెండుసార్లు చెప్పి చూసి ఊరుకుంది. నా ఫొటో తీసి, నా పేరు పెట్టి, ఒకటే పాస్‌వర్డు ఐదు ఫోన్లలోనూ కొట్టింది. ఏ ఫోను తెరిచినా పైన గుండ్రంగా నా మొహం. అది చూసి నాకు ధైర్యం వచ్చింది. ఎవరు లోపలికెళ్ళినా నా మొహం ముందునుంచే ఎళ్ళాలి కదా అనుకున్నాను.

ఇప్పుడెవరైనా ఇలాంటి షీటు పెట్టుకుంటే ముందు నాను చెప్పీది ఇదే. ఎవరి తాళం వారికివ్వండి. మొహమాటం పడకండి. అందరూ మనోలే అనుకున్న చోటే మరీ ముఖ్యం.

చదువు రాని నాకు కోడలు రంగులు పెట్టింది. ఒక్కో గిరాకీకి ఒక్కో రంగు. ద్వారకా నగర్‌లో కోచింగ్ పిల్లల హాస్టలుంది, వాళ్ళ మెస్సుకి పసుపు. ఆ పసుపు గీతే మా ఐదుగురి పొయ్యి. బుధవారం, ఆదివారం వాళ్ళకి వెళ్ళే సరుకు మిగతా ఇళ్ళన్నీ కలిపినా రాదు. ఆ మెస్సు మేనేజరు గోదావరి మనిషి, మాట మర్యాదగా ఉంటాది. కోడలు ఆయనకీ షీటు లింకు పంపింది. తట్ట అందేక ఆయనే ఆ పసుపు గీతలో పాత అంకెలు చెరిపి, మళ్ళీసారికి కావల్సిన అంకెలు దాని మీదే రాసీసీవోడు. అది కూడా తప్పేనని తరవాత తెలిసింది. కొత్త ఆర్డరు కొత్త గీతలో రాయాలి, పాతదాని మీద ఎక్కించకూడదు.

కొన్నాళ్ళు బాగానే నడిచింది. నాకు నచ్చలేదు గానీ నడిచింది. చేపల చెయ్యికి ఫోను పలకదు, చీరకి తుడుచుకుని తుడుచుకుని నొక్కాలి. వేలిముద్ర పెట్టుకోమంది కోడలు. కత్తిపీట అరగదీసిన వేలికి ముద్రెక్కడిది? రేషన్ షాపులోనే నా వేలు పట్టదు. అంకెలే గతి. ఇంకోటి, రేకుల షెడ్డులో సిగ్నలుండదు. లోపల కూర్చుని రాసింది ఫోనులోనే ఉండిపోతాది, పైకెళ్ళదు. బయటికొచ్చి ఐసు మిషను పక్కన నిలబడి, ఆ తిరిగీ గుండ్రం ఆగీదాకా చూసుకోవాలి. రాసేను గదా అని ఫోను బొడ్లో దోపుకుంటే రాయనట్టే. మాలో ఒకామె ఫోను బాగుచేయించడానికి ఇచ్చింది, షీటు తెరిచున్నట్టే ఇచ్చీసింది. ఆ షాపోడు మా గిరాకీల వివరాలన్నీ చూసేడో లేదో నాకిప్పటికీ తెల్దు. ఫోను చెయ్యి దాటే ముందు లాగౌట్ చెయ్యాలి. ఇంటి తాళం తాళాలు బాగుచేసేవోడికి ఇచ్చి, ఇంటి అడ్రసు కూడా చెప్తామేటి?

అప్పుడొక బుధవారం మెస్సు మేనేజరు నుంచి ఫోనొచ్చింది.

"అమ్మా, తట్ట రాలేదేంటండి?"

"ఏ తట్ట బాబూ? మీరేటీ రాయలేదు గదా."

"ఆదివారమే రాశానండి."

షీటు చూసేను. పసుపు గీతే లేదు. కోడల్ని పిలిచేను. ఆమె చూసి, మేనేజరే పొరపాట్న తీసేసుంటారు అంది. ఆయన ఇంకో గీతలో రాసేడు, కోడలు దానికి పసుపు పూసింది. సర్లే అనుకున్నాము. మళ్ళీ కొన్ని వారాలు సరిగ్గా నడిచింది. మళ్ళీ పోయింది. ఈసారి ఆయన గొంతులో ఆ మెత్తదనం లేదు.

"పిల్లలకి చేపలని బోర్డు మీద రాసేశానండి. గుడ్లు పెట్టాల్సొచ్చిందండి. తిట్లన్నీ నేను తిన్నానండి. ఇంకొక్కసారి ఇలా అయితే నేను వేరే వాళ్ళని చూసుకోవాలమ్మా. ఏమీ అనుకోకండి."

ఆ పసుపు గీత పోతే మా షెడ్డులో ఐదు కత్తిపీటలకి పనుండదు. రెండో మూడో మిగుల్తాయి. ఏ రెండు లేవాలి? వదినకి వేళ్ళు వంకరపోయేయి. మొదట లేపాల్సింది ఆవిణ్ణే. నన్ను కూర్చోబెట్టిన మనిషిని నాను లేపాలి. 

అనుమానం అనేది కుళ్ళిన రొయ్యలాంటిది. ఒక్కటుంటే చాలు, తట్టంతా కంపు కొడతాది. నాకప్పుడు చూసిందల్లా తేడాగానే కనపడింది. హార్బరుకి ఒకే రంగు చొక్కాలేసుకుని కొందరు కుర్రోళ్ళు వస్తన్నారు. ఫోన్లో నొక్కితే ఇంటికే చేపలు తెచ్చిచ్చే కంపెనీ వోలట. ఏ మెస్సు ఎవరి దగ్గర కొంటంది, ఎంత కొంటంది అని అందర్నీ అడుగుతన్నారు. మా కోడలు ఆళ్ళతో నిలబడి మాటాడ్డం నాను కళ్ళారా చూసేను. నవ్వతా మాటాడింది. అందులో ఒకడు ఆమెతో కాలేజీలో చదివినోడట.

ఆ సాయంత్రం కోడలు ఫోను పట్టుకుని నా పక్కన కూర్చుంది.

"అత్తా, ఇందులో పాత రూపాలు చూడొచ్చు. ఎప్పుడు ఎవరు ఏం మార్చారో ఉంటాది. నేను చూశాను. పసుపు గీత తీసేసింది..." అని ఆగింది.

"సెప్పు."

"నువ్వే. నీ పేరే ఉంది."

"నాను ముట్టుకోలేదు."

"పొరపాట్న చెయ్యి తగిలిందేమో అత్తా. తడి చెయ్యి కదా."

"తడి సెయ్యా? పుట్టిన కాణ్ణుంచీ నాది తడి సెయ్యే. మిషను సేత నా పేరు సెప్పించేవా? ఆ సొక్కాలోలు నేర్పేరేటి? మా గిరాకీని ఆళ్ళకి అమ్మీసేవేటే?"

ఆమె మొహం చూడాల్సింది. ఏడవలేదు. పమిట సర్దుకుంది. "మా వూర్లో నాట్లు మొదలయ్యాయి. అమ్మకి సాయం కావాలంది. వెళ్తాను" అంది.

"ఎల్లు. ఫోను నీ సేతిలోనే ఉంటాది గదా. అక్కణ్ణుంచి తుడవలేవేటి?"

అప్పుడామె నా కళ్ళెదరే ఫోను తీసి, నా మొహం ఉన్న ఆ గుండ్రం మీద నొక్కి, లాగౌట్ చేసి, ఖాళీ తెర నా వేపు తిప్పి చూపించింది.

"ఇదిగో. నీ తాళం నీకిచ్చేశాను. ఇప్పుడు కూడా గీత పోతే ఎవర్ని అంటావో చూస్తాను."

మర్నాడు పొద్దున్నే బస్సెక్కీసింది. నా కొడుకు షిఫ్టు నుంచొచ్చి, "ఏటమ్మా ఇది" అన్నాడు. ఆడికి అదే పెద్ద మాట.

ఆ ఆదివారం మెస్సు తట్ట నానే దగ్గరుండి ఆటో ఎక్కించేను. తరవాత కత్తిపీట కడిగీసి, షెడ్డు బయట ఐసు మిషను పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాను. ఎండబెట్టిన చేపలకి కాకి రాకుండా కాపలా కాస్తాము చూడండి, అలాగే ఫోనుకి కాపలా. కన్నార్పితే ఒట్టు. తట్ట అందింది కాబోలు, పసుపు గీతలో అంకెలు వాటంతటవే మారేయి. మేనేజరు బుధవారానికి రాస్తన్నాడని తెలిసింది. ఆయనకి లింకే ఇచ్చేము, మొహం లేదు, ఆయన వస్తే పైన బూడిదరంగు బొమ్మొకటి వస్తాది. అది వచ్చింది, పోయింది.

అప్పుడు పైన నా మొహం పక్కన ఇంకో నా మొహం వచ్చింది.

 నాను ఒక్కదాన్ని, పీట మీద కూర్చున్నాను, వేలు ఫోనుకి తగల్లేదు. తెర మీద నాను ఇద్దర్ని. రెండో నాను ఒక రంగు గడి అయ్యి కదల్తంది. మొదటి గీత మీదకొచ్చింది, గీత మాయం. కింద గీతలు పైకి జరిగేయి. రెండోది, మాయం. ఇంకోటి, మాయం. తొందర లేదు, కంగారు లేదు, ఇల్లు ఊడుస్తన్నట్టు. పసుపు గీత మీదకొచ్చి నిలబడింది. "ఒలే, ఒద్దే!" అని ఫోను మీదే అరిచేను. పసుపూ పోయింది.

తలెత్తి చూసేను. షెడ్డు గుమ్మంలో, వెలుతురు పడే చోట, గోడకి జారబడి కాళ్ళు చాపుకుని కూర్చునుంది నా వదిన. కళ్ళకి దగ్గరగా ఫోను. వంకర వేలితో నొక్కుతంది. పెదాలు కదుల్తన్నాయి, దండం పెట్టుకున్నప్పుడు కదుల్తాయి చూడండి, అలాగ.

"వదినా! ఏటి సేత్తన్నావ్?"

"తుడుస్తన్నానే."

"ఏటి తుడుస్తన్నావ్?"

"ఎల్లిపోయిన తట్టలు. ఆకరిది ఎల్లిపోనాది గదా. ఎల్లిన తట్ట గీత ఉంచితే రేపు బోటు ఒట్టిగా రాదేటి? బోర్డు గోడకి తిప్పెట్టీసినారు. ఈ గాజుపలక మీద గీతలు అలగే ఉండిపోతన్నాయి. నాకు నిద్దరట్టక, నానే తుడుస్తన్నాను."

"ఎవరు నేర్పేరు నీకు?"

"నీ కోడలు తప్పు రాసినప్పుడు తుడిసీది. సూసేను. గీత మీద వేలు ఆన్చి ఉంచితే సెత్తబుట్ట బొమ్మ వస్తాది. అదేటి బమ్మవిద్యా?"

"నాకు సెప్పొద్దా వదినా?"

"బోర్డు తుడిసినప్పుడు ఏనాడైనా నీకు సెప్పేనేటి?" అంది వదిన. నిజంగానే తెలీక అడిగింది.

అప్పటికి గానీ నాకు ముడి విడలేదు. వెళ్ళిపోయిన సరుకు గీతలు పోతే ఎవరికీ పట్టలేదు. నాను తుడుస్తన్నానని కోడలనుకుంది, కోడలు తుడుస్తందని నాననుకున్నాను. మేనేజరు ఆలస్యంగా రాసిన రోజున వదిన ముందే తుడిచీసీది, ఆయన కొత్త గీత రాసుకునీవోడు, ఏ గొడవా లేదు. ఆయన బేగి రాసిన రోజున, పాతదనుకుని వదిన కొత్త ఆర్డరే తుడిచీసీది. వదినకి పసుపు తెలుసు, అంకె మారిందో లేదో పట్టదు. ఐదు ఫోన్లకీ ఒకటే తాళం గాబట్టి మిషను ఎవరడిగినా నా పేరే చెప్పింది. మిషను అబద్ధమాడలేదు. దానికి నానిచ్చిన మొహం ఒకటే.

మేనేజరుకి ఫోన్ చేసి మళ్ళీ అడగొచ్చు. అడిగితే, మళ్ళీ పోయిందా అంటాడు. ఇంకొక్కసారి అని ముందే అన్నాడు. కోడలికి చెయ్యాలి. ఫోను పట్టుకుని జెట్టీ దాకా నడిచి వెనక్కొచ్చేను. చేసేను.

"అత్తా" అంది. వెనకాల నీళ్ళ చప్పుడు, ఆడోల మాటలు.

"గీత పోయింది."

నీళ్ళ చప్పుడు దూరమైంది, గట్టెక్కింది కాబోలు.

"మా వదిన తుడిసింది. తట్ట ఎల్లిందని. బోర్డు తుడిసినట్టు."

 చిన్నగా నవ్వినట్టుంది. నవ్వో ఏడుపో ఫోన్లో నాకు తెలీలేదు.

"నువ్వే వెనక్కి తెచ్చీయవే" అన్నాను.

"నా దగ్గర తాళం లేదు కదత్తా. మళ్ళీ లోపలికి రావాలంటే నీ ఫోనుకి ఓటీపీ వస్తాది."

"సరే, వస్తే సెప్తాను, కొట్టుకో."

"వద్దు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని నీకు నేనే చెప్పాను. నాకూ చెప్పొద్దు. నేను లోపలికొస్తే రేపు ఇంకోటి పోతుంది, మళ్ళీ నన్నే అంటావు. నువ్వే చెయ్యి, నేను చెప్తాను."

"నాకు సదవడం రాదు గదే."

"అంకెలొచ్చు కదా. పైన మూల మూడు చుక్కలున్నాయా? నొక్కు. గడియారం బొమ్మ ఉంది చూడు, అది నొక్కు."

నొక్కేను.  కింద వరసగా పాత షీట్లు వచ్చేయి. తుడవక ముందుది పోల్చమంది, పసుపు ఉన్నదాకా వెనక్కెళ్ళమంది. దొరికింది. పసుపు గీత, అంకెల్తో సహా. అక్కడ కింద నీలంగా ఒక బొత్తాముంది, నొక్కబోయేను.

"నీలంది నొక్కకత్తా! అది నొక్కితే షీటంతా వెనక్కెళ్తాది. ఈలోగా ఎవరైనా కొత్తగా రాసుంటే అవి పోతాయి. ఊరికే చూసి, అంకెలు వేరేగా రాసుకో. తరవాత కొత్త గీతలో ఎక్కించు."

వదిన అప్పటికే నా వెనకొచ్చి నిలబడింది. ఏటి జరిగిందో సగం తెలిసింది ఆవిడికి. గోడకి తిప్పెట్టిన బోర్డుని ఈడ్చుకొచ్చి నా ముందు నిలబెట్టింది. సుద్దముక్క నా చేతిలో పెట్టింది. ఫోనులో చూసిన అంకెలు బోర్డు మీద గీసేను. కానాగంత గుర్తు, వంజరం గుర్తు. కోడలు ఫోన్లో అక్కణ్ణుంచే అడిగింది, "అన్నీ రాశావా?"

"రాసేను."

"ఇంకోసారి చూడు."

చూసేను. ఇది కూడా నేర్చుకోవాల్సిందే. పోయినదాన్ని వెనక్కి తెచ్చేటప్పుడు ఉన్నది పోగొట్టుకోకూడదు. చాలామంది కంగారులో నీలం బొత్తాం నొక్కీస్తారట.

బుధవారం చీకటితోనే పాటకెళ్ళి, కానాగంతలు నానే ఏరి, వదిన వద్దన్నా ఆవిడ పక్కనే కూర్చుని కోసి, తట్ట పంపేను. మేనేజరు ఫోన్ చేసేడు.  "కానాగంతలు బాగున్నాయండి. షీటులో నా గీత కనపడట్లేదండి, ఆదివారానికి కింద కొత్తది రాశాను" అన్నాడు. అంతే. షీటులో నాను మళ్ళీ ఎక్కించలేదు, బోర్డు మీదే ఉంచేను. ఆ గీత చచ్చి బోర్డు మీద బతికిందని ఆయనకి తెలీదు. మేమెవరమూ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నమే ఆర్టీసీ కాంప్లెక్సుకెళ్ళి పద్మనాభం బస్సెక్కేను. వియ్యపురాలి ఇంట్లో మంచినీళ్ళు తాగి, గట్టు మీద నడుచుకుంటా పొలానికెళ్ళేను. కోడలు పిక్కల దాకా బురదలో ఉంది. నన్ను చూసి నాటు ఆపలేదు. నాను గట్టు మీదే నిలబడ్డాను. ఏటి చెప్పాలో బస్సులో అనుకున్నదంతా ఆ గాలికి పోయింది.

"తాళాలు వేరే వేరే ఎట్టు" అన్నాను.

నడుం ఎత్తి నా వేపు చూసింది. "వేరే వేరే దొంగతనాలు అవుతాయేమో అత్తా?"

"అవనీ. ఎవరిదేటో తెలుస్తాది."

"నువ్వన్న చొక్కాలోళ్ళ గురించి అడగవా?"

"అడుగుతాను. ఏటి మాటాడేవు ఆళ్ళతో?"

"ఉద్యోగం ఇస్తామన్నారు. నాకు మా అత్త షెడ్డుంది అన్నాను. అందుకే నవ్వారు, నేనూ నవ్వాను."

నాను నమ్మేనా? సగం నమ్మేను. నాకది చాలా ఎక్కువ. చీర ఎగదోపి దిగి ఆ పక్కన ఒక వరస నాటేను. వంకరగా వచ్చిందని వియ్యపురాలు నవ్వింది.

కోడలు వచ్చేక షీటు మార్చింది. అందరికీ వేరే తాళం, వేరే మొహం. మేనేజరుకి ఆయన గీతల్లో రాయడమే గానీ ఇంకేదీ ముట్టుకోడానికి వీల్లేకుండా కట్టింది. తుడిచే పని ఎవరికీ లేదు. వెళ్ళిన తట్టకి టిక్కు పెడితే ఆ గీత వెనకాల ఇంకో షీటుకి వెళ్ళిపోతాది, కళ్ళెదర ఉండదు. ఆ టిక్కు పెట్టీ పని వదినకిచ్చింది. వదిన దానికి ఒప్పుకుంది గానీ బోర్డు కూడా ఉండాలంది. ఉంది. బుధవారం, ఆదివారం పసుపు అంకెలు దాని మీద కూడా గీస్తాము. కరెంటు పోయినా, సిగ్నలు పోయినా, ఆ ఎక్కడో ఉన్న కంప్యూటర్లకి ఏటైనా అయినా, మా గోడకి సుద్దగీత ఉంటాది. ఆకరి తట్ట వెళ్ళేక వదిన గోనెగుడ్డతో తుడుస్తాది.

ఈ రాస్తన్నది కూడా కోడలే. తనని నాను అన్న మాటలు రాయమంటే ఒక్కటీ వదల్లేదు. చదివించుకుని చూసుకున్నాను, ఎక్కువా కాదు, తక్కువా కాదు.

తాళాలు మార్చిన రోజు నా వంతు ఆకర్న వచ్చింది. అక్షరాలు రావు గాబట్టి అంకెలే పెట్టుకోమంది. పుట్టిన రోజు వద్దంది, ఫోను నెంబరు వద్దంది, వరస అంకెలు వద్దంది. ఎవరూ ఊహించలేనిది, నువ్వు మర్చిపోలేనిది పెట్టుకో అంది. నాకొకటి తోచింది. మా ఆయన బోటు మీద రంగుతో రాసుండే నెంబరు కాదులెండి, అది హార్బరంతా తెలుసు. ఇంకోటి.

"నువ్వు కొట్టీయవే, నాకు ఆలస్యమవుతాది. సెప్తాను" అన్నాను.

"చెప్పకు" అంది.

ఫోను నా చేతిలో పెట్టి, లేచి, గోడ వేపు తిరిగి నిలబడింది. నాను ఒక్కో అంకే వెతుక్కుని వెతుక్కుని కొడతన్నాను. తప్పు పోయింది, మళ్ళీ కొట్టేను. చీరకి చెయ్యి తుడుచుకుని మళ్ళీ కొట్టేను. చాలాసేపు పట్టింది. ఒకటి రెండుసార్లు తలెత్తి చూసేను, తిరిగి చూస్తందేమో అని. చూళ్ళేదు. నాను అయ్యిందే అనీదాకా మా కోడలు అలాగే గోడ వేపు చూస్తా నిలబడింది.